మొక్కల లెక్కకు ముందు నీళ్ల లెక్క

వానకాలం వచ్చిందంటే మా నిజామాబాద్ జిల్లాలో ప్రతి పంచాయతీకి మొక్కల లక్ష్యం వస్తుంది. ఎన్ని గుంతలు తీశారు, ఎన్ని నాటారు, ఎన్నింటికి కంచె కట్టారు, ఎన్ని బతికాయి అన్నదానికి రిజిస్టర్లున్నాయి. 2018 పంచాయతీరాజ్ చట్టమైతే నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలని చెప్పి ఆ బాధ్యతను సర్పంచ్ మీద పెట్టింది. మంచిదే. కానీ ఆ మొక్క చెట్టయ్యాక ఏడాదికి ఎన్ని నీళ్లు తాగుతుంది, ఆ నీళ్లు భూమిలో ఎంత లోతు నుంచి వస్తాయి, పక్క బాయికి మిగిలేదెంత అన్నదానికి ఏ రిజిస్టరూ లేదు. చెట్లు పెంచడమంటే భూమిలో ఉన్న నీళ్లను ఎవరికి పంచాలో తేల్చడమే. ఆ పంపకం ఇవాళ లెక్క చూడకుండా జరిగిపోతోంది. నా బాధ అదే.

నేను బోధన్ పక్క ఊళ్లో చెరకు రైతు ఇంట్లో పుట్టాను. వ్యవసాయ శాఖలో విస్తరణ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. మా నాయిన భూమి నిజాంసాగర్ కాల్వ కింద నల్లరేగడి. మా అత్తగారి ఊరు భీమ్‌గల్ వైపు, లింబాద్రి గుట్ట దాపున. అక్కడిది ఎర్ర చెలక. రెంటికీ మధ్య రెండు గంటల ప్రయాణం. జిల్లా ఒక్కటే అయినా నీళ్ల విషయంలో అవి రెండు వేర్వేరు దేశాలు. ఉద్యోగంలో ఉన్నంత కాలం రెండు చోట్లా ఒకే రకం మొక్కలు, ఒకే దూరం, ఒకే లక్ష్యం ఇవ్వడం చూశాను. చెట్టంటే నాకు ప్రాణం. అందుకే, ఏ చెట్టు ఎక్కడ పెట్టాలో నేలను అడగకుండా పెట్టవద్దంటున్నాను.

రెండు నేలలు, రెండు జబ్బులు

మా బామ్మర్ది కొన్నేండ్ల కింద తన చెలకలో నీలగిరి పెట్టాడు. బాయిలో నీళ్లు తగ్గాయి, కూలీలు దొరకడం లేదు, పిల్లల చదువులున్నాయి. నాలుగైదేండ్లకోసారి కొట్టి అమ్ముకునే కర్ర అతనికి సరైన పంటగానే కనిపించింది. ఆ స్థితిలో ఏ రైతయినా అదే చేస్తాడు. వానలు వెనుకబట్టాక ఒకనాడు ఇద్దరం మట్టి తోడే ఆగర్ పట్టుకుని గట్టుకు అటూ ఇటూ నేలను తోడి చూశాం. మక్క కోసిన చేనులో మొరం తగిలేదాకా తడి ఉంది. మట్టిని పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టింది. నీలగిరి వరసల మధ్య మోకాలి లోతు దాకానే తడి, దాని కింద మట్టి పొడిపొడిగా రాలింది. అదే వాన, అదే నేల, నడుమ ఒక్క గట్టు. "బావా, పడ్డ వానంత యాడికి పోయింది?" అని అడిగాడు. వేళ్లలోంచి పైకెక్కి, ఆకుల్లోంచి గాలిలో కలిసిపోయిందని చెప్పాను. "మరి నా బాయికేం మిగిలింది?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గరే కాదు, మొక్కలిచ్చిన వాళ్ల దగ్గర కూడా జవాబు లేదు.

బోధన్ దగ్గర మా నాయిన భూమిలో ఇందుకు పూర్తిగా తలకిందులు. చెరకుకు కాల్వ నీళ్లు పారే రోజుల్లో పల్లపు మడుల్లో గడ్డపారతో రెండు జానలు తవ్వితే ఊట వచ్చేది. ఎండాకాలంలో ఆ మడుల మీద తెల్లగా చౌడు పేరుకునేది. వేళ్లకు గాలి ఆడక చెరకు పాలిపోయేది. జవుకు పట్టిందనేవాళ్లు. అక్కడ నేల జబ్బు నీళ్లు తక్కువై వచ్చింది కాదు, ఎక్కువై వచ్చింది. భీమ్‌గల్ చెలకలో బాయిని ఎండగట్టే చెట్టు ఈ జవుకు మడి పక్కన ఉంటే మేలు చేస్తుంది. మంచి చెట్టు, చెడ్డ చెట్టు అనే వాదనలో పడి ఈ అసలు సంగతిని మనం వదిలేస్తున్నాం.

పదో వంతు మీదనే బతుకు

నిజామాబాద్ జిల్లాలో ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన పడుతుంది. దాదాపు అంతా నాలుగు నెలల్లోనే. మిగతా ఎనిమిది నెలలు ఎండ. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన అంటే సుమారు 4 వేల లీటర్లు. ఆ లెక్కన ఎకరానికి ఏడాదికి 40 లక్షల లీటర్లు ఆకాశం నుంచి దిగుతాయి. వినడానికి చాలా ఎక్కువ. అందులో చాలా భాగం నేల మీంచి, పంట ఆకుల మీంచి ఆవిరైపోతుంది. కొంత ఒర్రెల్లో పారి చెరువుకు చేరుతుంది. వేళ్ల పొర తడిసి, దాన్ని దాటి మొరంలోకి, రాతి పగుళ్లలోకి దిగేది చివరికి మిగిలిందే. దేశంలో భూగర్భ జలాలను అంచనా కట్టేవాళ్లు మనలాంటి గట్టి రాతి నేలల్లో వానలో దాదాపు పదో వంతే కిందికి దిగుతుందని లెక్కిస్తారు. అంటే ఎకరానికి సుమారు 4 లక్షల లీటర్లు, 100 మిల్లీమీటర్లు. భీమ్‌గల్, సిరికొండ, ధర్పల్లి చెలకల్లో బాయిలూ బోర్లూ బతికేది ఆ పదో వంతు మీదనే.

ఇప్పుడు చెట్టు సంగతి చూద్దాం. వాన పడగానే దట్టమైన తోటలో కొంత నీరు ఆకుల మీదే ఆగి ఆవిరైపోతుంది, నేలను తాకదు. నేలకు దిగినదాన్ని వేళ్లు అందుకుంటాయి. జొన్న, మక్క వేళ్లు మీటరు, మీటరున్నరకు మించి పోవు. కోత అయ్యాక ఆ చేను నీళ్లడగదు. కిందికి దిగిన తడి కిందనే ఉంటుంది. నీలగిరి వేరు ఎన్నో మీటర్లు దిగుతుంది, ఏడాదంతా ఆకు మీదనే ఉంటుంది, మే నెల ఎండలో కూడా తాగుతుంది. పంట చేను తోట అయ్యాక నీటి వాడకం ఎకరానికి 100 మిల్లీమీటర్లు పెరిగితే చాలు, బోరుకు దక్కాల్సిన పదో వంతు మొత్తం పోయినట్టే. ఒకే బాయికి రెండు మోటార్లు బిగించినట్టుంటుంది ఇది. ఒకటి రైతుది, రెండోది చెట్టుది. రైతు మోటారు కరెంటు పోతే ఆగుతుంది. చెట్టు మోటారు ఆగదు.

ఇది ఊహ కాదు. 1980ల చివర్లో, 1990లలో కర్ణాటకలోని హోసకోటె, షిమోగా ప్రాంతాల్లో బ్రిటిష్ జల శాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్ బృందం అక్కడి అటవీ శాఖతో కలిసి నీలగిరి తోటల కింద నేల తేమను కొలిచింది. ఏడాదిలో పడిన వాన ఎంతో, తోట తాగిన నీళ్లు దాదాపు అంతే. రాగి చేను వాడేదానికి సుమారు రెండింతలు. మట్టి లోతుగా ఉన్న హోసకోటె దగ్గరైతే మూడేండ్ల కొలతల్లో చెట్లు తాగింది పడిన వాననే మించిపోయింది. వేళ్లు 8 మీటర్ల లోతుకు దిగి, అంతకు ముందు ఎన్నో వానకాలాలు దాచిన తడిని తోడేశాయి. ఈ ఫలితం 1997లో అచ్చయింది. తెలుగు మాట్లాడే రైతులు పెద్ద సంఖ్యలో ఉన్న కోలారు జిల్లా పక్కనే ఇది జరిగింది. మరో ఇరవై ఏండ్లకు, 2017లో, కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని ఆపేసింది. అప్పటికి కోలారు బోర్లు ఎంత లోతుకు పోయాయో అక్కడి చుట్టాలను అడిగితే చెబుతారు.

దేశం దాటి చూసినా ఇదే కథ. 2005లో రాబర్ట్ జాక్సన్, కాథ్లీన్ ఫార్లీ తదితరులు ప్రపంచంలోని ఎన్నో వాగుల పరీవాహకాల కొలతలను ఒకచోట చేర్చి 'సైన్స్' పత్రికలో వెల్లడించారు. గడ్డి భూముల్లో, పొదల భూముల్లో తోటలు పెంచాక వాగుల్లో పారే నీరు సగటున సగానికి తగ్గింది. 13 శాతం వాగులు కనీసం ఒక ఏడాది పాటు పూర్తిగా ఎండిపోయాయి. చైనాలో లోయెస్ పీఠభూమి మీద 1999 నుంచి చెట్లు విస్తారంగా పెంచారు. మట్టి కోత ఆగింది, నది పూడిక తగ్గింది. అయితే చాలాచోట్ల వేళ్ల కింద ఏ వానకూ తిరిగి తడవని ఎండు పొర ఏర్పడి, ఆ చెట్లే గిడసబారిపోయాయి. ఉన్న నీటిని మించి పెంచిన అడవి చివరికి తానే నిలవలేదని దీన్ని చూస్తే తెలుస్తుంది.

నీలగిరి ఒక్కదాన్ని తిడితే చాలదు

కాల్డర్ కొలతల్లో మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని ఇంకో సంగతి ఉంది. మూడు మీటర్ల లోతు మట్టిలో నీలగిరి తోట, అక్కడి సహజమైన ఆకురాల్చే అడవి దాదాపు ఒకే మేర నీళ్లు వాడాయి. అంటే పాపమంతా చెట్టు జాతిది కాదు. ఎన్ని చెట్లు, ఎంత దగ్గరగా, ఎంత లోతు మట్టిలో అన్నవి కూడా అంతే ముఖ్యం. నీలగిరిని మూడు మీటర్లకు రెండు మీటర్ల దూరంలో పెడితే ఎకరానికి 670కి పైగా చెట్లు పడతాయి. ఆ సాంద్రతలో వేపలు పెట్టినా బాయి మీద భారం తప్పదు. మనూరి మొక్కలే పెడుతున్నాం కదా, నీళ్లకేం ఢోకా లేదనుకోవడం కూడా తొందరపాటే.

జాతి కూడా లెక్కలోకి వస్తుంది, కాదనను. నిజామాబాద్ పక్కన మల్లారం అడవికి శివరాత్రి తర్వాత వెళ్లి చూడండి. టేకు ఆకంతా రాల్చి మోడుగా నిలబడి ఉంటుంది. మోదుగ ఆకు వదిలేసి పూలతో ఉంటుంది. ఎండలు మండే నెలల్లో ఈ చెట్లు నీళ్లు దాదాపు అడగవు. రాలిన ఆకు నేలను కప్పి, కుళ్లి, తొలకరి చినుకును పారనీయకుండా లోపలికి పంపుతుంది. ఈ నేల, ఈ ఎండ, ఈ వాన వేల ఏండ్లు కలిసి తయారుచేసిన అలవాటది. అందుకే నరికిన మోడుల్లోంచి మళ్లీ చిగురించే అడవిని కాపాడటం కొత్తగా లక్ష మొక్కలు నాటడం కన్నా మేలని నా గట్టి నమ్మకం. దానికి గుంత వద్దు, ట్యాంకర్ వద్దు. మేకలను, నిప్పును, గొడ్డలిని కొన్నేండ్లు ఆపితే చాలు.

మరి ఊరి ఉమ్మడి భూముల్లో మనం చేస్తున్నదేమిటి? 2015 జూలైలో మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. ఇప్పుడది వన మహోత్సవం పేరుతో నడుస్తోంది. రోడ్ల వెంట ఇవాళ నిలిచిన నీడ ఆ శ్రమ ఫలమే, దాన్ని తక్కువ చేయను. అయితే ఆ మూడో వంతు లక్ష్యం 1988 జాతీయ అటవీ విధానం మొత్తం దేశానికి పెట్టుకున్నది. భీమ్‌గల్ చెలకలో మట్టి ఎంత లోతు, బోధన్ మడిలో ఊట ఎంత పైకుంది అని చూసి పెట్టిన అంకె కాదు. దేశం అంకెను ఊరి మీద దించేటప్పుడు ఊరి నీళ్లతో సరిచూసుకోవాలి. అది జరగలేదు.

"చెట్లుంటేనే వానలు పడతాయి, ఇన్ని లెక్కలెందుకు?" అని చాలామంది పెద్దలే నన్ను అడిగారు. మహారణ్యాలు గాలిలోకి పంపే తేమ ఎక్కడో వానగా పడుతుందన్నది నిజమే. కానీ మా ఊరి పది ఎకరాల తోట వదిలే ఆవిరి మా ఊరి మీదే వానై పడదు. గాలి దాన్ని ఎక్కడికో మోసుకుపోతుంది. మా బాయిలోంచి పోయింది మాత్రం మా బాయిలోంచే పోయింది.

కొన్ని చెట్లు, సరైన చోట

అట్లని చెట్లు లేని నేలే మేలంటే అదీ తప్పే. బట్టతేలిన చెలక మీద వాన పడితే పైమట్టి గట్టిపడి పొక్కులా అవుతుంది. నీళ్లు లోపలికి దిగకుండా మట్టిని కొట్టుకుని పోతాయి. ఆ మట్టి ఎక్కడ తేలిందో నిజాంసాగర్ చెబుతుంది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ ప్రాజెక్టు పూడికతో ఎంతో నిల్వను పోగొట్టుకుంది. ఇవాళ దాని సామర్థ్యం 17.8 టీఎంసీలే.

పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో పొలాల మధ్య షియా చెట్లు పలుచగా ఉండే చోట శాస్త్రవేత్తలు నేల నీటిని కొలిచి 2016లో ఫలితం ప్రకటించారు. చెట్లు అసలే లేని చోట నీళ్లు కిందికి దిగడం తక్కువ. మరీ దట్టంగా ఉన్న చోటా తక్కువే. నడిమి రకంగా, దూరం దూరంగా చెట్లున్న చోట భూగర్భంలోకి దిగిన నీళ్లు అన్నిటికన్నా ఎక్కువ. చెట్టు వేళ్లు, చెదలు, వానపాములు చేసిన సందుల్లోంచి వాన లోపలికి పోతుంది. చెట్లు తక్కువ కాబట్టి తాగేదీ తక్కువ.

ఈ పద్ధతి మన తాతలకు తెలుసు. చెలక గట్ల మీద వేప, చేను మధ్య చింత, ఒర్రె పక్కన కానుగ, నల్లమద్ది, బీడులో ఇప్ప. ఎకరానికి వేళ్ల మీద లెక్కబెట్టేన్ని. వాటి నీడలో పశువులు పడుకునేవి, ఆ ఆకు ఎరువయ్యేది. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని, గట్టు కలిస్తే నాలుగు సాళ్లు ఎక్కువ వస్తాయని వాటిని మనమే కొట్టేశాం. గట్టు మీద చెట్టు కొట్టి, ఊరి బయట ప్రకృతి వనంలో గజానికో మొక్క పెట్టి, దానికి పంచాయతీ ట్యాంకర్‌తో నీళ్లు పోస్తున్నాం. ఆ ట్యాంకర్ నింపేది కూడా ఊరి బోరులోంచే.

చెరువు ఎగువన నాటే మొక్కల గురించి కూడా ఆలోచించాలి. 2015 మార్చి 12న మన పాత జిల్లాలోని సదాశివనగర్ చెరువు దగ్గరే మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటల పూడిక తీయాలన్నది దాని సంకల్పం. పూడిక తీస్తే చెరువులో చోటు పెరుగుతుంది. ఆ చోటును నింపాల్సింది ఎగువ నేల మీంచి పారి వచ్చే వాన. ఆ ఎగువనే కందకాలు తవ్వి దట్టంగా తోటలు వేస్తే మత్తడి దూకే ఏండ్లు తగ్గిపోతాయి. ఒక పథకం తవ్విన చెరువుకు ఇంకో పథకం నీళ్లు రానీయకపోతే నష్టపోయేది ఆయకట్టు రైతే. ఎగువన గడ్డి, పొదలు, పలుచటి చెట్లు ఉంటే మట్టి ఆగుతుంది, చెరువూ నిండుతుంది.

బోధన్ నేల అడిగేది వేరు

ఇక బోధన్ సంగతి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ మంజీర మీద కట్టించిన నిజాంసాగర్ నీళ్లతోనే ఈ ప్రాంతం చెరకు నాడయింది. 1937లో స్థాపించిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. చెరకు ఏడాదంతా నేల మీదుండే పంట, 1500 మిల్లీమీటర్ల పైనే నీళ్లడుగుతుంది. నల్లరేగడి నీళ్లను పట్టుకుంటుంది కానీ త్వరగా వదలదు. కాల్వ ఊట, మడి పారకం, మురుగు పోయే దారి లేకపోవడం మూడూ కలిసి పల్లపు భూముల్లో జవుకును, చౌడును తెచ్చాయి. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు చాలా మట్టుకు పోయి వరి వచ్చింది. జవుకు మాత్రం పోలేదు.

ఇలాంటి చోటే దాహం ఎక్కువున్న చెట్టు మందు అవుతుంది. హర్యానాలోని హిసార్ జిల్లా పుత్తీ గ్రామంలో కాల్వల ఊటతో మునిగిన పొలాల్లో గట్ల మీద నీలగిరిని సన్నటి పట్టీలుగా పెంచి చూశారు. మూడేండ్లలో ఊట నీటి మట్టం చుట్టుపక్కల పొలాలతో పోలిస్తే సుమారు 85 సెంటీమీటర్లు దిగింది. పట్టీల మధ్య గోధుమ దిగుబడి పెరిగింది. ఆస్ట్రేలియా పశ్చిమాన ఇదే పాఠం ఇంకోవైపు నుంచి నేర్చుకున్నారు. గోధుమ కోసం లోతు వేళ్ల చెట్లన్నీ నరికేస్తే భూగర్భ నీరు పైకొచ్చి, ఉప్పు తేలి, విస్తారమైన పొలాలు పనికిరాకుండా పోయాయి. చెట్టు నీళ్లు తాగుతుందనడానికి ఇంతకన్నా పెద్ద రుజువు అక్కర్లేదు.

కాబట్టి నిజాంసాగర్ ప్రధాన కాల్వ, డిస్ట్రిబ్యూటరీల వెంట జవుకు పట్టిన పట్టీల్లో ఏడాదంతా తాగే చెట్లను కావాలనే పెంచాలి. ఉప్పును చెట్టు తీయదు కాబట్టి పక్కనే మురుగు కాల్వలు కూడా బాగుచేయాలి. ఫ్యాక్టరీ తెరుచుకుని చెరకు తిరిగి వస్తే ఈ పని ఇంకా అవసరమవుతుంది. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం చేతి దూరంలోనే ఉంది. ఏ మడిలో ఊట ఎంత పైకుందో పటం గీసి, ఎక్కడ ఏ చెట్టు పెట్టాలో రైతుకు చెప్పే పని అక్కడి నుంచి మొదలుకావచ్చు.

వరి మాటేమిటి?

ఇది రాస్తుంటే రైతులు వేసే ప్రశ్న నాకు ముందే వినిపిస్తోంది. "యాసంగి వరి తాగేదాని ముందు చెట్టు తాగేదెంత సారూ?" అంటారు. సరైన ప్రశ్నే. బోర్ల కింద యాసంగి వరి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా తోడేస్తుంది. చెలక ప్రాంతంలో భూగర్భ జలాన్ని అందరికన్నా ఎక్కువ దించింది బోరే, చెట్టు కాదు. నీలగిరిని తిట్టి వరిని వదిలేస్తే అది న్యాయం కాదు. కానీ వరి ఏ ఏడుకాయేడు మానుకోదగ్గ పంట. చెట్టును ఒకసారి పెడితే అది పదేండ్లకో ఇరవై ఏండ్లకో చేసిన నీటి ఒప్పందం. నీలగిరి కొట్టినా మోడు చిగురించి మళ్లీ తాగుతుంది. ఎక్కువ కాలం కట్టుబడే నిర్ణయానికి ఎక్కువ జాగ్రత్త కావాలి.

వరికి బదులుగా ఇప్పుడు మన జిల్లాలో ప్రోత్సహిస్తున్న ఆయిల్‌పామ్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎకరానికి 57 మొక్కలు. పెరిగిన చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్లన్నా ఎకరానికి 11 వేల లీటర్లు దాటుతాయి. కాల్వ భరోసా ఉన్న చోట అది నడుస్తుంది. ఒక్క బోరు మీద ఆధారపడ్డ చెలకలో ఒక కరువు ఏడు వస్తే ఆ చెట్టును పడుకోబెట్టలేం, నీళ్లూ పెట్టలేం.

ఏం చేయాలి

దక్షిణాఫ్రికా 1998లో తెచ్చిన జల చట్టంలో వాణిజ్య తోటల పెంపకాన్ని వాగు నీటిని తగ్గించే పనిగా గుర్తించింది. తోట వేయాలంటే నీటి వాడకందారుగా అనుమతి తీసుకోవాలి. మనకూ చట్టం లేక కాదు. 2002 నాటి వాల్టా చట్టం నీళ్లను, భూమిని, చెట్లను ఒకే గొడుగు కిందికి తెచ్చింది. మూడింటినీ కలిపి చూడాలన్న ఆలోచన మన శాసనసభకు రెండు దశాబ్దాల కిందే వచ్చింది. అమలులో మాత్రం బోరు ఒక శాఖది, మొక్క ఇంకో శాఖది, చెరువు మూడో శాఖది అయిపోయింది.

నేనడిగేవి పెద్ద ఖర్చు లేని పనులు. మొదటిది, మొక్కల లక్ష్యం ఇచ్చే ముందు ఆ ఊరి మట్టి లోతు, వేసవి నీటి మట్టం చూడాలి. భూగర్భ జల శాఖ ఫీజోమీటర్లతో నెలనెలా కొలిచి మండలాల వారీగా ప్రకటిస్తూనే ఉంది. ఆ కాగితం మొక్కలు పంచే బల్ల మీదికి రావాలి. రెండోది, చెలక ఊళ్లలో, చెరువుల ఎగువన, తాగునీటి బోర్ల చుట్టూ నీలగిరి, సుబాబుల్ వంటి దట్టపు తోటలకు ప్రోత్సాహం ఆపాలి. ఇప్పటికే పెట్టిన రైతును శిక్షించకూడదు. మోడులు తీసేసి చెలకను మళ్లీ పంటకు తెచ్చుకుంటానంటే సాయం చేయాలి. మూడోది, బతికిన శాతంతో పాటు పలుచన చేయడాన్ని కూడా మంచి పనిగా లెక్కించాలి. పదేండ్ల వనంలో సగం చెట్లు తీసేసిన సర్పంచ్‌కు నోటీసు ఇచ్చే పద్ధతి ఉంటే ఎవరూ ఆ పని చేయరు. నాలుగోది, గట్టు మీద చెట్టు ఉంచుకున్న రైతుకు డబ్బు రూపంలో గుర్తింపు ఇవ్వాలి. వనంలో వంద మొక్కల కన్నా గట్టు మీద నాలుగు చెట్లు ఊరి నీళ్లకు ఎక్కువ మేలు చేస్తాయి. అయిదోది, ప్రతి మండలంలో ఒక తోట లోపల, ఒక తోట బయట నేల తేమను వానలకు ముందూ తర్వాతా కొలిచి, ఆ అంకెలు గ్రామసభలో చదివి వినిపించాలి. రైతుకు ఆగర్ పట్టడం నేర్పడానికి ఒక్క పూట చాలు.

ఇదంతా ప్రభుత్వమే చేయాలని కూర్చోవద్దని నా తోటి రైతులకు మనవి. ఈసారి మీ ఊళ్లో మొక్కల మీద తీర్మానం పెట్టిన రోజు గ్రామసభకు వెళ్లండి. ఎన్ని మొక్కలని కాకుండా, ఏ మొక్క, ఎక్కడ, ఎంత దూరంలో, దాని నీళ్లు ఎవరి బాయిలోంచి అని అడగండి. జవాబు రాకపోతే రాసిపెట్టమనండి. చెలకలో చెట్లు పలుచగా, జవుకులో చెట్లు ఒత్తుగా, అడవిలో చెట్లు వాటంతటవే పెరగనీయండి. నీళ్లను లెక్కబెట్టి పెంచిన చెట్టే ఈ జిల్లాలో మన మనుమల కాలం దాకా నిలుస్తుంది.